నూనె మరకల ప్రణాళిక

ఊరికి రాబోయే ఇరవై ఏళ్లలో ఏమేం కావాలో తేల్చే కమిటీలో మిషనక్కను కూడా వేశారు. బట్టలు కుట్టే మనిషి కనుక ఆమెకు ఇంటింటా చనువుంది. మూడు నెలలపాటు గడప గడపా ఎక్కి దిగి, ఎవరేం అడిగారో లావుపాటి నోటుబుక్కు నిండా రాసింది. ఊరిపెద్ద ఆమెకు సొంత మరిదే. ఆ పుస్తకం అతని చేతిలో పెట్టి, "జాగ్రత్తయ్యా, ఊరంతా ఇందులో ఉంది" అంది.

ఆమోదం రోజున హాలు కిక్కిరిసింది. పట్నం నుంచి వచ్చిన ఆఫీసరు నిగనిగలాడే ప్రణాళిక పుస్తకం పంచాడు. పన్నెండో పేజీలో చేపల పడవలకు రేవు కడతామని ఉంది. సముద్రం చూడాలంటే ఆ ఊరి నుంచి రెండు రోజుల ప్రయాణం.

"ఇది ఏ ఊరిదయ్యా?" గొంతు తగ్గించి మరిదిని అడిగింది.

"ఏ ఊరిదైతేనేం వదినా, నిధులొస్తే చాలదా? సంతకం పెట్టు," అంటూ వేయించిన పల్లీల పొట్లం అందించాడు.

పొట్లం జిడ్డుగా ఉంది. విప్పితే నూనె మరకల కింద తన చేతిరాతే! "వాగు దాటుతూ కోడలు జారిపడింది. కాలివంతెన కావాలి. అడిగింది గొర్రెల తాత."

చుట్టూ చూస్తే అందరి చేతుల్లోనూ ఆ నోటుబుక్కు కాగితాలే. లేచి వరస వెంట నడుస్తూ పొట్లాలు లాక్కుని, పల్లీలు వాళ్ల ఒళ్లోనే గుమ్మరించింది.

"నర్సుకి గది. నువ్వడిగిందే కదా పిన్నీ? బడికి ఇంకో టీచరు. ఇది నీదే బావా, దాంతోనే మూతి తుడుచుకుంటున్నావు!"

కొందరు కిసుక్కున నవ్వారు. మరిది పళ్లికిలించాడు. "చిత్తు కాగితాలకి ఇంత రాద్ధాంతమా వదినా?"

"మీ నోటి మాటలే మీకు చిత్తయ్యాయా? థూ!"

పదకొండు మంది ఆమె వెంట బయటికి నడిచారు. మిగతా వాళ్లు రేవుతో సహా అన్నిటికీ సంతకాలు పెట్టారు. గొర్రెల తాత అందరికంటే ముందు వేలిముద్ర వేసి, ఇంకో పొట్లం అడిగాడు.

ఆ పదకొండు మందీ పై ఆఫీసుకు వేరే అర్జీ రాశారు. జవాబు రాలేదు. నెల తిరక్కుండా, శంకుస్థాపనకు తొడుక్కోవాలని మరిది చొక్కా గుడ్డ పంపాడు. మిషనక్క దాన్ని వాకిట్లోనుంచే తిప్పి పంపేసింది.

"అతని కొలతలు తలుచుకుంటేనే నాకు కంపరం," అంది.