తూర్పు కిటికీకి వల

నానిన గుడ్డను పిండి సింహాద్రి పడమటి కిటికీ అద్దాన్ని పైనుంచి కిందికి తుడిచాడు. జల్లించిన బూడిదను పొడిగుడ్డతో అద్ది, చిన్న చిన్న సున్నాలు చుడుతూ రుద్దాడు. తెరచాప కొయ్య విరిగి మీద పడిన నాటి నుంచి అతని కుడిభుజం పైకి లేవదు. పీట ఎక్కి పైవరుసను ఎడమచేత్తో ముగించి, దిగి, వెనక్కి జరిగి చూశాడు. అక్కడ అద్దం ఉన్నట్టే లేదు. కాలువ, గట్టుమీది కొబ్బరిచెట్లు, వాటి వెనక ఆకాశం, అన్నీ అందులో నిలబడి ఉన్నాయి.

ఒకప్పుడు అది చూస్తేనే అతని ఛాతీ పొంగేది. వల విసరలేని పల్లెకారుడికి మరో పని చేతనవునని తెలిసింది ఆ అద్దాల వల్లనే. గోదావరి పాయల నడుమ నగరం లంకకు నీళ్ళు తెచ్చిన కొత్త కాలువ గట్టున బంగళా లేచి నాలుగేళ్ళు. ధవళేశ్వరం నుంచి గడ్డిలో చుట్టి పడవలో తెచ్చి, కాలువవైపు గోడకు తూర్పున ఒకటి, పడమట ఒకటి పెట్టిన ఆ రెండు గాజు కిటికీలను చూడడానికి అప్పనపల్లి నుంచి కూడా జనం వచ్చారు. బంగళాలో ఉండి కాలువ పని చూసే దొర ఒకసారి "బాగుంది" అన్నాడు. ఆ ఒక్క మాటను సింహాద్రి తన భార్య వీరవేణికి పదిమార్లు చెప్పాడు.

వాకిలి ఊడ్చి ముగ్గు పెట్టే పైడమ్మ మాత్రం నవ్వేది. "ఒరే తమ్ముడూ, మరీ అంతలా తోమకురా. అద్దం అరిగిపోయి దొరగారు బయటికి పడతారు!"

పక్షులు ఆ అద్దాలకు కొట్టుకోవడం సింహాద్రి మొదటి నెలలోనే కళ్ళారా చూశాడు. అద్దంలోని చెట్టును చెట్టే అనుకుని రివ్వున వచ్చి తగిలి పడిపోయేవి. లకుముకి పిట్టలను కాలువలో పారేసేవాడు. గువ్వలను తువ్వాలులో చుట్టి ఇంటికి తీసుకుపోయేవాడు. వీరవేణి మిరియాలు దంచి వండేది. నాలుగేళ్ళు తిన్నారు.

మొన్న మాఘంలో ఊరిపెద్ద వెంకటరాజుగారి పాడిగేదెలు రెండు వారం తిరక్కుండా చచ్చాయి. గేదెలకు వచ్చిన రోగం కంటికి కనబడదు. చచ్చిన పిట్టలు కనబడతాయి. అవి పడేచోట రోజూ ముగ్గు పెట్టే మనిషి మరీ బాగా కనబడుతుంది. చేతబడి, చిల్లంగి అన్నారు. వెంకటరాజు పెద్దలను కూర్చోబెట్టి, పైడమ్మను ఎదుట నిలబెట్టి, సింహాద్రిని పిలిపించాడు.

"పొద్దస్తమానం అక్కడే ఉంటావు గదరా. ఏవన్నా చూశావా?"

"లేదండీ. నాకేం తెలీదండీ."

పైడమ్మ అతని ముఖం చూడలేదు. భుజాన ఉన్న తువ్వాలును చూసింది. దాని అంచుకు బూడిదరంగు ఈక ఒకటి అంటుకుని ఉంది. ఆమె చూపు తిప్పుకుంది. పని తీసేశారు. కాలువ రేవులో నీళ్ళు ముంచుకోవద్దన్నారు. ఆమె చాపా కుండా తీసుకుని వైనతేయ పాయ ఒడ్డున ఇసుకతిప్ప మీద గుడిసె వేసుకుంది.

ఆ రోజు నుంచి సింహాద్రి గువ్వ కూర ముట్టలేదు. దాన్ని పాపభీతి అనడానికి లేదు, అతనికి దేవుళ్ళ భయం తక్కువ. తాను చెప్పిన రెండు ముక్కలు ఎవరూ లేనప్పుడు తనకే వినిపించేవి. చివరికి అటకమీది పాతవలను దించి, తూర్పు కిటికీకి జానెడు ఎడంగా బిగించి కట్టాడు. పడమటిదాన్ని అలాగే వదిలాడు. ఎందుకని వీరవేణి అడిగితే, "చూద్దాం" అన్నాడు. ఇవాళ్టికి ఇరవై రోజులు.

పొద్దెక్కాక వెంకటరాజు, ఊరివాళ్ళు నలుగురూ వచ్చి అరుగుమీద కూర్చున్నారు. నీటి వంతుల గురించి దొరతో మాట్లాడాలట. దొర ఇంకా రాలేదు. పొగాకు చుట్టలు వెలిగిస్తుండగా పడమటి అద్దం ఠప్పుమంది. గువ్వ ఒకటి రాజు కాళ్ళ దగ్గర పడి రెక్క కొట్టుకుంది.

రాజు కాళ్ళు పైకి ముడుచుకున్నాడు. "చూశారా! ఊరు దాటించినా ముసల్దాని చిల్లంగి దాటలేదు."

"చిల్లంగి కాదండీ," అన్నాడు సింహాద్రి.

"ఏవిటీ?"

"అద్దవండి. అందులో చెట్టు కనపడుద్దండి. పిట్టకేం తెల్సండి? అటేపు కిటికీకి వల కట్టేనండి. రెండూ నేనే తుడుస్తానండి, రెండిట్లోనూ అదే చెట్టండి. వల కట్టినకాడ ఇరవై రోజులై ఒక్కటీ పళ్ళేదండి. ఇటేపు దీంతో ఏడండి. ఆవిడీ వాకిట్లో అడుగెట్టి మూడు నెలలైందండి."

రాజు లేచి వెళ్ళి చేతికర్రతో వలను పొడిచాడు. వల లోపలికి వంగి, అద్దాన్ని తాకకుండా తిరిగి వచ్చింది. ఆయన రెండోసారి పొడిచాడు.

"ఎప్పణ్ణించి తెలుసురా నీకు?"

"బంగళా కట్టినకాణ్ణించండి."

"మరి ఆరోజు అడిగితే?"

సింహాద్రి నేల చూశాడు. "కూరొండుకు తింటన్నావండి. బంగళాలో పిట్టలెత్తుకుపోతన్నానని తెలిస్తే పని పోద్దేమోనని..."

"గువ్వ కూరకా, ఓరి నీ!" అని వెనక ఎవరో పకపకా నవ్వారు. మిగిలినవాళ్ళూ అందుకున్నారు. తిడితే బాగుండుననిపించింది సింహాద్రికి. రాజు ఒక్కడే నవ్వలేదు. చుట్ట నలిపి పారేశాడు.

"సర్లే. రేపణ్ణించి రేవుకి రమ్మను దాన్ని."

"ఆయ్."

సింహాద్రి పడమటి కిటికీకి కూడా వల కట్టి, పొద్దు వాలకముందే ఇసుకతిప్పకు నడిచాడు. ఏం చెప్పాలో దారంతా కూర్చుకున్నాడు. అప్పా, చెప్పేశాను. కాదు, ముందు తప్పు నాదనాలి.

గుడిసె తడిక తీసి ఉంది. లోపల చాప లేదు. ఒడ్డున పడవ దగ్గరున్న జాలరి వీరన్న చేతులు కడుక్కుని వచ్చాడు.

"రాత్రే పోయినట్టుంది బావా. పొద్దున్న పిలిస్తే పలకలేదు. ముట్టుకోడానికి ఎవరూ రామన్నారు. నేనే చాపలో చుట్టి ఆ పక్కన ఇసకలో పూడ్చిపెట్టేను."

"నేనివాళ చెప్పేశాన్రా," అన్నాడు సింహాద్రి. "రాజుగారికి. అంతా."

"ఆవిడికి చెప్పాల్సింది."

వీరన్న పడవ తోసుకుని వెళ్ళిపోయాడు. పోటు ఎక్కుతున్న ఏరు ఉప్పువాసన వేస్తోంది. గుడిసె వెనక, తాగే నీటికోసం ఆమె ఇసుకలో మోచేతిలోతు తవ్వుకున్న చెలమ ఉంది. రోజంతా ఎవరూ ముట్టకపోవడంతో నీళ్ళు తేరుకుని ఉన్నాయి. పక్కనే, తోడుకునే కొబ్బరిచిప్ప బోర్లించి ఉంది. ఇసుకను గీరి గీరి దాని అంచు ఒకవైపు గోరంత పలచనైంది.