కోనేరు సెంటర్లో ఆగిన బండి

బాలస్వామి పాతికేళ్లు మంగినపూడి దగ్గర సముద్రంలో పడవ నడిపాడు. ఎడమ భుజం పట్టు తప్పి వల లాగలేని స్థితి వచ్చాక ఒడ్డున కూర్చున్నాడు. ఊరికే కూర్చోవడం ఎంత కష్టమో మూడు నెలల్లో తెలిసింది. భార్య కోటమ్మ రోజూ తెల్లవారగానే చేపల గంపతో ఆటో కోసం నిలబడేది. నిండితేగాని ఆటో కదలదు. ఆమె బందరు మార్కెట్టు చేరేసరికి మంచి చోటులో మరొకరు కూర్చుని ఉండేవారు.

అందుకే నలభై ఆరో ఏట అతను పాత మోటారుసైకిలు కొన్నాడు.

"జీవరత్నంగారు సరేనన్న రోజు ఎక్కుతాను మావా. అప్పటిదాకా నా ఆటో నాకుంది" అంది కోటమ్మ.

జీవరత్నం బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఆయన ఉప్పునేల మైదానంలో వారం రోజులు గేర్లు, రెండు బ్రేకులు నేర్పాడు. ఎనిమిదో రోజు వెనక కూర్చుని బండిని రోడ్డెక్కించాడు.

మొదటి మలుపులోనే ఎదురుగా బస్సు వచ్చింది. బాలస్వామి తడబడలేదు. హ్యాండిల్‌ను నిదానంగా, నేరుగా దాని ముఖానికేసి తిప్పాడు.

"ఎడమకి! ఎడమకి!" అని జీవరత్నం అరిచాడు. బస్సు కీచుమంటూ ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి, "ఏంటయ్యా, నా బస్సుకి దండం పెట్టడానికి వస్తున్నావా?" అన్నాడు.

బండి పక్కకు తీశాక జీవరత్నం అడిగాడు. "భయపడ్డావా?"

"లేదండీ."

"అందుకే నాకు భయం వేసింది. ఎందుకు తిప్పావు?"

బాలస్వామి తన చేతులకేసి చూసుకున్నాడు. అవి తనను అడగకుండానే ఆ పని చేశాయి. "పెద్ద కెరటం వస్తే పడవ ముక్కు దానికే పెట్టాలండీ. పక్క చూపిస్తే బోల్తా కొట్టేస్తుంది."

జీవరత్నం రోడ్డుకేసి చెయ్యి చూపించాడు. "కెరటం నీ కింద నుంచి వెళ్లిపోతుంది బాలస్వామీ. బస్సు వెళ్లదు. ఎటు చూస్తే బండి అటే పోతుంది. బస్సును కాదు, పక్కనున్న ఖాళీని చూడు." తర్వాత ఏదో తోచినట్టు అడిగాడు. "మరి ఒడ్డుకెలా వస్తావు?"

"పెద్దవి పోయేదాకా ఆగుతామండీ. సందు దొరికాక వస్తాం."

"ఆ ఆగడమే బందర్లో నీకు కావలసింది."

ఎదురు వెళ్లడమే ధైర్యమని నమ్మిన శరీరానికి తప్పుకోవడం నేర్పడానికి నలభై రోజులు పట్టింది. లైసెన్సు చేతికొచ్చిన రోజున జీవరత్నం కోటమ్మతో, "ఎక్కమ్మా" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే గంపను క్యారియర్‌కు బిగించి కట్టారు. "బస్సుకి ఎదురెళ్లిన మగాడివి, ఇవాళ తలమీద కుండేంటి మావా?" అంది కోటమ్మ, హెల్మెట్ చూసి. నవ్వింది కానీ, బండి కదలగానే అతని చొక్కాను పిడికిట్లో బిగించి పట్టుకుంది.

కోనేరు సెంటర్లో లారీలు, బస్సులు, సైకిళ్లు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. కుడివైపు తిరగాలి. బాలస్వామి సిగ్నల్ లైటు వేసి, కాలు నేలకు ఆనించి ఆగాడు. ఒక లారీ పోయింది. దాని వెనక ఇంకొకటి. వెనక ఆటోవాడు హారన్ మోగించాడు.

"ఏం మావయ్యా, ముహూర్తం పెట్టించుకొచ్చావా? పోనీ!"

బాలస్వామి చెవులు వేడెక్కాయి. చేతులు ముందుకు ఉరకాలనుకున్నాయి. వాటి తొందర అతనికి తెలుస్తూనే ఉంది. వాటిని కదలనివ్వలేదు. ఎదురొస్తున్న బస్సు మీంచి చూపు తీసి, దాని వెనక ఖాళీ కోసం చూశాడు.

చొక్కా మీద పిడికిలి మెల్లగా సడలింది. పడవ కెరటాల వెనక ఆగినప్పుడు కోటమ్మ ఒడ్డున ఎన్నడూ భయపడలేదు. తొందరపడే పడవలంటేనే ఆమెకు భయం.

"ఒడ్డుకొచ్చే ముందు ఆగినట్టే ఆగావు మావా" అంది అతని భుజం వెనక నుంచి.

బస్సు దాటింది. సందు కనిపించింది. అద్దంలో వెనక్కి చూసి, అతను నిదానంగా అవతలికి వెళ్లాడు.

మార్కెట్లో మంచి చోటు ఇంకా ఖాళీగానే ఉంది. పక్క గంప చిట్టెమ్మ అడిగింది. "ఏం కోటమ్మా, ఇవాళ ఆటో అప్పుడే నిండిందా?"

"ఆటో ఎందుకు? మా ఆయన తెచ్చాడు!" నాలుగు గంపల అవతలికి కూడా వినిపించేలా అంది కోటమ్మ.

బాలస్వామి హెల్మెట్ తీయబోయి, అందరూ తనవైపు తిరగడం చూసి, ఇంకాసేపు తలమీదే ఉంచుకున్నాడు.