ఎల్లమ్మకు విడిచిన పుంజు

మా ఆయన యుగేందర్‌కు కోళ్ల రంగుల పిచ్చి. ఊళ్లో మగవాళ్లకు పేకాట, మందు లాంటి పిచ్చులుంటాయి, దీంతో ఎవరికేం నష్టంలే అని నేనూ ఊరుకున్నాను. పెరట్లో జాలీలు కట్టి, ఏ పుంజును ఏ పెట్టతో కలిపితే ఏ రంగు పిల్ల వస్తుందో చూస్తూ కూర్చునేవాడు. ఆయన కోరికల్లా ఒక్కటే. ఎర్రటి ఒళ్లు, ప్రతి ఈక చివరా తెల్లటి చుక్క ఉన్న పుంజు మా పెరట్లో పుట్టాలి. అలాంటిది మా ఊరు పెద్దవంగర మొత్తంలో ఒక్కటే ఉండేది, మా పక్కింటి బుచ్చవ్వ దగ్గర.

బుచ్చవ్వది అనడానికి కూడా లేదు. తన బిడ్డ దవాఖానలో ఉన్నప్పుడు ఎల్లమ్మకు మొక్కి, పసుపు కుంకుమ పెట్టి విడిచిన పుంజు అది. అలా విడిచిన కోడి ఎవరి వాకిట్లో గింజలు తిన్నా అదిలించరు, అమ్మరు, కోయరు. ఎల్లమ్మ పండుగనాడు తల్లి ముందే కోయాలి. "జర నాల్గు రోజులు మా పెట్టలతోని ఉంచుత అవ్వా" అని మా ఆయన అడిగితే బుచ్చవ్వ చెంపలు వేసుకుంది.

"తల్లి సొమ్ముతోని ఆటలాడుతవా కొడుకా?" అంది.

నిరుడు ఎండాకాలంలో, పండుగ ఇంకా రాకముందే, ఆ పుంజు కనబడకుండా పోయింది.

బుచ్చవ్వ అనుమానం యాకమ్మ మీదికి పోయింది. మా రెండిళ్లకూ పత్తి ఏరడానికి, కలుపు తీయడానికి వచ్చే మనిషి. లేనివాళ్లను దొంగలనడానికి సాక్ష్యం ఎవరడుగుతారు? ఆమె ఎంత మొత్తుకున్నా వినకపోయేసరికి, బోరింగు కింద కూర్చుని నెత్తిన నీళ్లు పోసుకుంది. తడిబట్టలతోనే పోయి ఎల్లమ్మ గుడి గడప ముట్టి, "నేను ముట్టుంటే నా కండ్లు పోవాలె" అని ప్రమాణం చేసింది. అయినా జనం నోళ్లు మూతపడలేదు. నేనూ తక్కువ తినలేదు. "ఏమో, ఎవరి మనసుల ఏమున్నదో" అని, ఆమెను మా పెరట్లోకి రానివ్వడం మానేశాను.

ఆ తర్వాత మా పెట్టలు పొదిగిన పిల్లలన్నీ ఉత్త ఎరుపే. ఒక్క చుక్క లేదు. అమ్మేద్దామంటే ఆయన వినలేదు.

"వీటిని వీటితోనే కలపాలె. దాగిన రంగు మనుమల్ల బయటపడ్తది" అన్నాడు.

ఎవరి రంగు దాగిందని నేను అడగలేదు. అడగాల్సింది.

ఈ చలికాలం ఆ మనుమలకు ఈకలు నిండాయి. ఇవాళ పొద్దున గింజలు చల్లుతుంటే ఒక పడుచు పుంజు ఎండలో రెక్క విప్పింది. మెడ నుంచి తోక దాకా చుక్కలే. అచ్చం బుచ్చవ్వ పుంజే.

"అవ్వ పుంజును పట్టుకపోయింది నువ్వే గదా?" అని మా ఆయన్ను అడిగాను.

ఆయన గోడవతల బుచ్చవ్వ వాకిలి వైపు చూశాడు. తర్వాత చెప్పాడు. పొలం కాడి కొట్టంలో పెట్టలతో కలిపి ఉంచాడట. మళ్లీ వదిలేద్దామనే అనుకున్నాడట. గంప కింద అది ఎండదెబ్బకు సోలిపోయిందట.

"ఎట్లైనా సచ్చేటట్టున్నదని కోసిన. పారేసుడెందుకని..."

"తొర్రూరుల కొన్ననని తెచ్చినవ్ సూడు, ఆ కూరనా?"

ఆయన తల దించుకున్నాడు.

కారం దట్టించి వండింది నేను. తొడముక్క ఏరుకుని తిన్నది నేను. ఆ వారమే యాకమ్మ తడిబట్టలతో మా వాకిలి ముందు నుంచి పోతుంటే, కొంగు మూతికి అడ్డం పెట్టుకుని చోద్యం చూసిందీ నేనే.

ఇంతలో ఆ చుక్కల పుంజు గోడ దూకి బుచ్చవ్వ వాకిట్లో పడింది. "నా తల్లీ!" అని ఆమె కేక వినబడింది. దాన్ని చంకన పెట్టుకుని, ఏడుస్తూ నవ్వుతూ మా ఇంటికొచ్చింది.

"సూడు బిడ్డా, తిరుమలా! ఆ యాకమ్మ తిన్న పుంజును తల్లి మీ ఇంట్ల మళ్ల పుట్టిచ్చింది. మీరు పుణ్యాత్ములు" అంటూ నా చెయ్యి తీసుకుని కళ్లకద్దుకుంది. ఆ కూర వండిన చెయ్యిని.

పత్తికి పోతున్న యాకమ్మ అప్పుడే మా వాకిలి దాకా వచ్చింది. మాట వింది. తల వంచుకుని నడక సాగించింది.

"ఇప్పుడేం మాట్లాడకు. ముసల్ది సంబురంగున్నది" అని మా ఆయన నా చెవిలో గొణిగాడు.

నేను నల్లా దగ్గరికి పోయి, నిండు బకెట్ ఎత్తి నెత్తిన గుమ్మరించుకున్నాను. చలికి పళ్లు టకటకమన్నాయి.

"ఏందే బిడ్డా, గీ సలిల? ఏమన్న మొక్కున్నదా?" అంది బుచ్చవ్వ.

"మొక్కు గాదవ్వా, ప్రమాణం. యాకమ్మక్కా, జర ఆగు! నీ పుంజును యాకమ్మ తినలే అవ్వా. మేం తిన్నం."

యాకమ్మ వెనక్కి తిరిగింది. కారుతున్న నా చీరను కింది నుంచి పైదాకా చూసింది.

"గిక్కడ గాదు, తిరుమలా. ఎల్లమ్మ గడప ముట్టి చెప్పు. నేను గట్లనే చెప్పిన" అంది.