పసుపు ఎందుకు పాలిపోయింది?

ఎన్ని ఆపరేషన్లు చేశారన్నది కాదు, రోగి బతుకులో ఏం మారిందన్నదే వైద్యానికి కొలత అని ప్రొఫెసర్ స్వర్ణలత ఏళ్లుగా చెబుతోంది. పరిశోధనలు రాసింది, సదస్సుల్లో వాదించింది. చివరికి ఆర్మూర్‌లోని ఓ చిన్న కంటి ఆసుపత్రి వాళ్లు "మా దగ్గర చేసి చూపించండి" అన్నారు. అలా వచ్చి, శుక్లాల ఆపరేషన్ చేయించుకున్నవాళ్లతో తీరిగ్గా మాట్లాడడం మొదలుపెట్టింది.

ఆలూర్ పసుపు రైతు దేవిదాస్‌కు ఒక కంటికి ఆపరేషన్ అయింది. ఆ కంటితో గోడమీది అక్షరాలన్నీ తడుముకోకుండా చదివాడు. ఆపరేషన్ చేసిన డాక్టర్ శ్రవణ్‌కుమార్ సంతోషించాడు. స్వర్ణలత మాత్రం, "ఇంట్లో, పనిలో ఎట్లా ఉంది?" అని అడిగింది.

"కన్ను మంచిగనే ఉంది మేడం. గని నా పసుపే ఖరాబయింది. ఆపరేషన్‌కు ముందు రంగు మస్తుండె. ఇప్పుడు పాలిపోయింది. మార్కెట్‌కు తీస్కపోబుద్ధి అయితలేదు."

"పసుపుకు మన దగ్గర మందు లేదు" అని డాక్టర్ నవ్వాడు. స్వర్ణలతకు నవ్వు రాలేదు. కంటికీ పసుపుకూ ఏమిటి సంబంధం? మర్నాడు ఆలూర్ ఆటో ఎక్కింది.

కల్లంలో పసుపు కొమ్ములు ఆరుతున్నాయి. "రంగు మంచిగనే ఉంది. చెప్తే ఇంటలేడు" అంది దేవిదాస్ భార్య నీలవ్వ. స్వర్ణలత కళ్లకూ బాగానే కనిపించింది. ఆమెకో ఆలోచన తట్టింది.

"ఆపరేషన్ అయిన కన్ను మూసి చూడండి."

"అరే! గిప్పుడు మంచిగుంది!"

"ఇప్పుడు రెండోది మూయండి."

దేవిదాస్ కొమ్మును దూరంగా పట్టుకున్నాడు, దగ్గరికి తెచ్చుకున్నాడు. "కొమ్ము ఒక్కటే. ఒక్కో కంటికి ఒక్కో తీరు కనవడ్తుంది. గిదేంది మేడం?"

ఆమె అక్కడి నుంచే డాక్టర్‌కు ఫోన్ చేసింది. ముదిరిన శుక్లం పసుపు రంగు అద్దం లాంటిదని, దాన్ని తీసేస్తే పసుపు మునుపటంత ముదురుగా కనిపించదని, మిగతా రంగులూ మారతాయని ఆయనకు తెలుసు. "చెప్పాలని ఎప్పుడూ తోచలేదు మేడం" అన్నాడు నెమ్మదిగా. ఆ సంగతి ఆమె దేవిదాస్‌కు వివరించింది.

"గిన్నేండ్లు నేను తప్పు చూసిన్నా?" దేవిదాస్ గొంతులో బెదురు.

"తప్పు కాదు. శుక్లంలోంచి చూశారు, అంతే."

ఆ వారమే పసుపు మార్కెట్‌కు చేరింది. ఆపరేషన్‌కు ముందే ప్రతి రోగినీ ఏం పని చేస్తారని అడగడం, రంగుల సంగతి చెప్పడం ఆసుపత్రిలో అలవాటైంది. డాక్టరే దగ్గరుండి అడుగుతున్నాడు.

రెండో కన్ను కూడా అయ్యాక, ఎన్నాళ్లకో పాత చీర కట్టుకుని ఆసుపత్రికి వచ్చిన నీలవ్వను దేవిదాస్ ఎగాదిగా చూశాడు. "గీ చీర నీలం రంగుదా? ఆకుపచ్చదనుకున్న!"

"కొన్నది నువ్వే గదా" అంది నీలవ్వ.

అతను కిటికీ దగ్గరికి నడిచాడు. అక్కడ నిలబడి రోడ్డుమీది బస్సులనూ, పండ్ల బండ్లనూ ఒక్కొక్కటిగా చూస్తూ ఉండిపోయాడు.