ఆరు సన్న బోల్టులు

మేస్త్రికి ఈ లోకంలో ఎవరి మీదైనా కడుపుమంట ఉందంటే అది కేటలాగు మీదే. కేటలాగంటే పుస్తకం కాదు, మనిషి. మేస్త్రి భార్యకు స్వయానా తమ్ముడు, షెడ్డులో సగం వాటాదారు. చంకలో ఎప్పుడూ రంగుల బొమ్మల పుస్తకం ఒకటి పెట్టుకుని తిరుగుతాడని ఆ పేరు పెట్టింది మేస్త్రే. తిట్టుగా పెట్టిన పేరును ఆ మనిషి బిరుదులా తగిలించుకుని ఊరంతా తిరిగాడు. మేస్త్రికి ఒళ్లు మండేది అందుకే.

మేస్త్రి ఐదో తరగతిలో బడి మానేసి వెల్డింగ్ రాడ్ పట్టినవాడు. ఇరవై ఆరేళ్లు గేట్లు, కిటికీ ఊచలు, మెట్ల రెయిలింగులు అతికించి, కళ్లు ఎర్రబడి, వేళ్లు కాలి, ఆఖరికి బావమరిదితో కలిసి ఒక స్థలం కొన్నాడు. రోడ్డు వైపు సగం మేస్త్రి పేరున, వెనక సగం కేటలాగు పేరున. మధ్యలో గోడ లేదు, పైన ఒకటే రేకుల షెడ్డు. మేస్త్రి చెయ్యి, కేటలాగు నోరు, రెండూ కలిసి నాలుగేళ్లు బాగానే నడిచాయి. అంతలో కేటలాగు చవకగా దొరికాయని ఒక బస్తా గేటు బందులు తెచ్చాడు. ఆరు నెలల్లో మూడు గేట్లు ఒరిగిపోయాయి. జనం షెడ్డు ముందుకొచ్చి మేస్త్రిని నిలబెట్టి కడిగేశారు. సాయంత్రం వచ్చిన కేటలాగు సంగతంతా విని, "పోనీలే బావా, గేట్లేగా ఒరిగింది, విమానాలు కాదుగా," అని నవ్వాడు. మూడేళ్లయినా ఆ నవ్వు మేస్త్రి గుండెలోంచి ఊడిరాలేదు.

అలాంటి సమయంలో టూర్ల మేడం వచ్చింది. రోడ్లు లేని చోట్లకు, కొండల్లోకి, ఇసుకలోకి జనాన్ని జీపుల్లో తిప్పే కంపెనీ ఆవిడది. పన్నెండు జీపులకు పైన సామాను క్యారియర్లు, పక్కన ఆనింగులు కావాలంది. ఆనింగంటే గుడ్డ పందిరి. చుట్టచుట్టి క్యారియర్ పక్కన బిగిస్తారు, ఆగిన చోట లాగి పరిచి కాళ్లు నిలబెడితే నీడ. క్యారియర్లు మేస్త్రి చెయ్యాలి, ఆనింగులూ వాటి బోల్టులూ కేటలాగు కొనాలి.

మేడం అడ్వాన్సు ఇచ్చింది, దాంతోపాటు కాగితమూ రాయించుకుంది. ముందు ఒక బండికి చేసి పరీక్షలో నెగ్గాలి. తేడా వస్తే ఆర్డరు రద్దు, అడ్వాన్సుకూ బండి నష్టానికీ కలిపి స్థలం ఇవ్వాలి. చేసిన పనిలో తప్పుంటే మేస్త్రి సగం పోతుంది, కొన్న సామానులో తప్పుంటే కేటలాగు సగం పోతుంది. అడ్వాన్సు అప్పటికే పైపులుగా, గుడ్డగా మారి షెడ్డులో కూర్చుంది. మేస్త్రి అక్షరాలు కూడబలుక్కుంటూ సంతకం పెట్టాడు. తన చేతి మీద తనకు అనుమానం లేదు. అనుమానమంతా కేటలాగు కొనుగోళ్ల మీదే.

పరీక్షకు ముందురోజు మధ్యాహ్నం కేటలాగు ఆనింగు తెచ్చి, ఆరు బోల్టులు బల్ల మీద పోశాడు.

"ఏంట్రా ఇవి?" అన్నాడు మేస్త్రి.

"ఆనింగు బోల్టులు బావా."

"బోల్టులా? చెవిలో తిప్పుకునే పుల్లలనుకున్నా."

"అవి అంత సన్నగానే ఉండాలి బావా. కంపెనీవాడి లెక్క అది. ఇదిగో, ఈ పేజీలో..."

"నీ పేజీ నువ్వే చదువుకో. బందుల దగ్గర కూడా ఇలాగే ఏదో పేజీ చూపించావు."

కేటలాగు పుస్తకం మూశాడు. "చదివి చెప్తానంటే వినవు, చదువుకోమంటే చదవవు. నీతో వేగడం మా అక్క ఒక్కదాని వల్లే అవుతుంది," అని నవ్వి, బిగించేయమని చెప్పి గుడ్డ కొట్టుకు వెళ్లిపోయాడు.

చదవవు అన్న మాట ముల్లులా దిగింది. ఆ పేజీ ఇంగ్లీషులో ఉంటుంది. అందులో ఏముందో చెప్పమని అడగడం కంటే వేడి రాడ్ నోట్లో పెట్టుకోవడం నయమనిపించింది మేస్త్రికి. డ్రిల్లు తీశాడు. బెజ్జాలు పెద్దవి చేశాడు. గేటు స్తంభాలకు వాడే చిటికెనవేలంత లావు బోల్టులు ఆరు ఏరి బిగించాడు. స్పానర్‌కు మూరెడు పైపు తొడిగి, బరువంతా వేసి మరీ బిగించాడు. పైన నల్ల రబ్బరు టోపీలు తొడిగేస్తే ఏ బోల్టో ఎవరికీ తెలియదు.

టీ తెచ్చిన భార్య బల్ల మీది సన్న బోల్టుల్ని చూసింది.

"ఇవి వాడు తెచ్చినవేగా? తీసేశావా?"

"తీసేశా."

"వాడికి చెప్పావా?"

"నీ తమ్ముడి పర్మిషన్ తీసుకుని పని చెయ్యాల్సిన ఖర్మ నాకు పట్టలేదు."

"మీ ఇద్దరి మధ్యా నా బతుకు ఇలా తెల్లారుతోంది," అని గ్లాసు ఠక్కున పెట్టి వెళ్లిపోయింది. మేస్త్రి సన్న బోల్టుల్ని ఖాళీ రంగు డబ్బాలో పడేశాడు.

మర్నాడు పొద్దున మేడం జీపులో నలుగురూ రాళ్ల క్వారీ అవతల బోడి మైదానానికి వెళ్లారు. స్టీరింగ్ దగ్గర మేడం డ్రైవరు, పక్కన మేడం, వెనక బావా బావమరుదులు. పైన క్యారియర్ నిండా ఇసుక బస్తాలు. డ్రైవరు జాలి లేకుండా తోలాడు. గుంతల్లో దింపాడు, బండల మీదికి ఎక్కించాడు. మేస్త్రి కళ్లు మూసుకుని చెవులు పైకి పెట్టాడు. వెల్డింగ్ విడితే టిక్కుమంటుంది. గంటన్నర తిప్పినా టిక్కుమనలేదు.

దిగాక మేడం క్యారియర్‌ను రెండు చేతులా పట్టుకుని ఊపింది. "ఇది ఊగాలంటే బండితోపాటు నేనూ ఊగాలి," అంది. మేస్త్రికి ఛాతీ రెండంగుళాలు పొంగింది.

"ఇక పందిరి పరవండి," అంది మేడం.

కేటలాగు ఆనింగు లాగి పరిచాడు. డ్రైవరు కాళ్లు నిలబెట్టి, తాళ్లు కట్టి, మేకులు దిగ్గొట్టాడు. మేడం మడత కుర్చీ తెప్పించుకుని నీడలో కూర్చుని ఆర్డరు కాగితాలు ఒళ్లో పెట్టుకుంది. పెన్ను మూత తీస్తుండగా క్వారీ వైపు నుంచి గాలి లేచింది. గుడ్డ ఒకసారి ఉబ్బి దిగింది.

"గాలి గట్టిగా వస్తే?" అంది మేడం.

"వస్తే రానివ్వండి," అన్నాడు కేటలాగు హుషారుగా. "ఆ టోపీల కింద ఆరు సన్న బోల్టులున్నాయి మేడం. వాటిని కావాలనే సన్నగా పెడతారు. గాలి హద్దు దాటిందంటే ముందు అవే పుటుక్కున తెగుతాయి. గుడ్డ ఎగిరిపోతుంది, బండి మిగుల్తుంది. లావు బోల్టు పెడితే గుడ్డ తెరచాపలా మారి క్యారియర్‌నీ, దాంతో పాటు బండి కప్పునీ పట్టుకుపోతుంది."

మేస్త్రికి పైప్రాణాలు పైనే పోయాయి. రోడ్డు వైపు సగం కళ్ల ముందు గిర్రున తిరిగింది. బోల్టులు మార్చిన చెయ్యి తనది. అంటే చేసిన పనిలో తప్పు, అంటే తన సగం.

ఇప్పుడే చెప్పేస్తే? గుడ్డ చుట్టేస్తారు, బండి దక్కుతుంది. మేడం బహుశా తిట్టి వదిలేస్తుంది. కానీ కేటలాగు వింటాడు. చదువుకోమంటే చదవవు అన్నవాడు, ఈ మైదానంలో, పరాయి మనుషుల ముందు, మళ్లీ ఆ నవ్వు నవ్వుతాడు.

"మేడం, చుట్టేద్దామండీ. గాలి ముదురుతోంది," అన్నాడు మేస్త్రి.

"ముదరనివ్వు. నీడలో కూర్చోవడానికైతే మా ఆఫీసు చాలదా?"

మేస్త్రి జేబులో స్పానర్ ఉంది. బండి వెనక నిచ్చెన ఎక్కి, క్యారియర్ అంచున బోర్లా పడుకుని, మొదటి రబ్బరు టోపీ పీకాడు. ఒక్క మూలన రెండు నట్లు వదులైతే చాలు, గుడ్డ అటు నుంచి ఊడి జారిపోతుంది.

"ఏం చేస్తున్నావ్ బావా అక్కడ?"

"చూస్తున్నా."

"కింద నుంచి కనిపించదా ఏంటి?"

"నీ కళ్లు నీవి, నా కళ్లు నావి. నోరు మూసుకుని తాడు పట్టుకో."

నట్టు కదల్లేదు. మూరెడు పైపు తొడిగి బిగించిన నట్టు అది, ఉత్త స్పానర్‌కు ఎందుకు కదులుతుంది? మేస్త్రి పళ్లు బిగబట్టి తిప్పాడు. స్పానర్ జారి వేళ్ల చర్మం లేచిపోయింది. కింద గుడ్డ ఉబ్బుతోంది, దిగుతోంది. ఉబ్బినప్పుడల్లా తన కడుపు కింద క్యారియర్ కొద్దికొద్దిగా పైకి లేస్తోంది. వెల్డింగ్ మాత్రం గట్టిగానే ఉంది. లేస్తున్నది బండి కప్పు అంచు. రేకు సన్నగా మూలిగింది. ఆ మూలుగు ఏమిటో ఇరవై ఆరేళ్లుగా రేకులు వంచినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు.

మేడం సంతకానికి వంగింది. ఆనింగు ఇనుప కాలు ఆవిడ తలకు జానెడు దూరంలో ఉంది.

క్వారీ అంచున ధూళి గోడలా లేవడం మేస్త్రి పై నుంచి చూశాడు.

"మేడం! లేవండి! బయటికి రండి, తెగవవి! అవి తెగవు!"

ఆవిడకు అర్థం కాలేదు. అయినా ఆ కేకకు లేచింది. కేటలాగు తాడు వదిలేసి ఆవిడ జబ్బ పట్టుకుని ఇవతలికి లాగాడు. మేస్త్రి క్యారియర్ మీంచి దూకాడో పడ్డాడో అతనికే తెలియదు. మేకులు నాలుగూ ఒక్కసారే నేలలోంచి లేచాయి. గుడ్డ బండి మీదుగా అవతలికి తిరగబడింది. ఇనుప కాలు గిర్రున తిరిగి కుర్చీని రెండు ముక్కలు చేసి కిటికీ అద్దంలో దిగింది. క్యారియర్ ఒక పక్కకు లేచి నిలబడింది. దాంతో పాటు బండి కప్పు, ముందు అద్దం నుంచి వెనక తలుపు దాకా, డబ్బా మూతలా చిరిగి లేచింది. ఇసుక బస్తాలు దబదబా రాలాయి.

ఆరు బోల్టుల్లో ఒక్కటీ తెగలేదు.

డ్రైవరు బండి చుట్టూ తిరిగి వచ్చి, "కొత్త బండి మేడం," అన్నాడు, ఆవిడకు తెలియదన్నట్టు.

టోపీ ఊడిన బోల్టు దగ్గరికెళ్లి మేడం చూసింది. "సన్నవి అన్నావు," అంది కేటలాగుతో. "ఇదేనా సన్నం?"

కేటలాగు దగ్గరికొచ్చి చూశాడు. "నేను కొన్నవి ఇవి కా..." అని ఆగిపోయాడు. తలెత్తి బావను చూశాడు. చర్మం లేచిన వేళ్లనూ, వాటిలో ఇంకా బిగుసుకుని ఉన్న స్పానర్‌నూ చూశాడు. కేటలాగు మొహంలో నెత్తురు చుక్క లేదు. నవ్వు అసలే లేదు.

"సామాను నాది మేడం," అన్నాడు మెల్లగా. "కొన్నది నేనే. కాగితం ప్రకారం వెనక సగం రాసుకోండి."

మేస్త్రి ఒక్క నిమిషం నోరు మూసుకుంటే చాలు. రోడ్డు వైపు సగం దక్కుతుంది, గేటు బందుల బాకీ తీరుతుంది. మూడేళ్లుగా కోరుకున్నది చేతికి అందింది. నోరు మూసుకున్నాడు కూడా. మేడం కాగితాల కట్టలోంచి హామీ కాగితం వెతికి తీసేదాకా మూసుకునే ఉన్నాడు.

కానీ రేపటి నుంచి బతకాల్సింది కేటలాగుతోనే. వాడు ఈ మాట ఎవరితోనూ అనడు, అక్కతో కూడా అనడు. పొద్దున్నే బావా అంటూ వస్తాడు, బావ సగంలో ఒక మూల కూర్చుంటాడు. ఆ దయను రోజూ నెత్తిన మోస్తూ రాడ్ పట్టాలి.

"ఆగండి మేడం," అన్నాడు. "వాడు కొన్న బోల్టులు షెడ్డులో రంగు డబ్బాలో పడున్నాయి. ఇవి నావి. బెజ్జం నాది, బిగింపు నాది."

"బావా, నువ్వూరుకో!"

"నువ్వూరుకోరా. నీ దయ నాకక్కర్లేదు."

మేడం ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తర్వాత జీపు బానెట్ మీద కాగితం పరిచి, పెన్ను తీసి, కొలతల కోసం ఖాళీగా వదిలిన చోట వేలు పెట్టింది.

"ముందు సగం. కొలతలు చెప్పు."

ఆ కొలతలకు మేస్త్రికి ఏ పుస్తకమూ అక్కర్లేదు.

"రోడ్డు వైపు ఇరవై ఒక్క అడుగులు. లోపలికి ముప్పై తొమ్మిది. మొత్తం తొంభై ఒక్క గజాలు."