డానీ ఇంజను

నాకు కోపం ఎక్కువ. ఈ సంగతి మా చర్చి సంఘంలో అందరికీ తెలుసు. మా ఆవిడ ప్రేమజ్యోతికి అందరికన్నా బాగా తెలుసు. ఆ కోపంలో ఒకరోజు ఫోనులో అన్న మాట వల్ల ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పాలని ఇది రాస్తున్నాను.

మాది నరసాపురం. మా నాన్న గోదావరి మీద తిరిగే లాంచీలకీ, సముద్రంలోకి వెళ్లే బోట్లకీ ఇంజన్లు బాగుచేసేవాడు. నేను కంప్యూటర్లు చదువుకుని, ఇరవై రెండేళ్లుగా ఇక్కడ నార్త్ కరొలినాలో, మోరిస్‌విల్‌లో డేటాబేసులు చూసుకుంటూ బతుకుతున్నాను. మా నాన్న పోయాక ఒక ఏడాది పాటు నా చేతులు నన్ను ఊరికే ఉండనివ్వలేదు. గోళ్లలో గ్రీజు లేకపోతే ఏదో వెలితిగా ఉండేది. అలాంటి రోజుల్లో ఆన్‌లైన్‌లో ఒక ప్రకటన చూశాను. 1970 నాటి షెవెల్ కారు, రెండు తలుపులు, పొడుగాటి బానెట్, ఇంజను పనిచేయదు, ఉన్నది ఉన్నట్టు తీసుకెళ్లాలి.

సాన్‌ఫర్డ్‌లో ఒక పాత ఇంటి వెనక షెడ్డులో ఉంది ఆ కారు. అమ్మే ఆయన పేరు వాల్టర్, ఎనభై దాటిన మనిషి. కారు ఆయన కొడుకు డానీది. డానీకి పదిహేడేళ్లప్పుడు తండ్రీకొడుకులు ఇద్దరూ కలిసి ఆ ఇంజనుని నట్టు నట్టూ విప్పి మళ్లీ బిగించారట. ఇరవై ఆరేళ్లకి డానీ మోటారుసైకిల్ మీద వెళ్తూ ప్రమాదంలో పోయాడు. అది అక్టోబరు నెల. రేడియేటరు కారుతోందని ఆ వేసవంతా డానీ ఉత్త కుళాయి నీళ్లు పోసి బండి నడిపాడు. చలికాలం వచ్చేలోపు వాటిని వంపేసి గడ్డకట్టని కూలెంటు పోద్దామనుకున్నారు. పోసేవాడు లేకపోయాడు. జనవరిలో లోపలి నీళ్లు గడ్డకట్టి, సిలిండర్లుండే ఇనప దిమ్మె, మా నాన్న భాషలో బ్లాకు, పగిలిపోయింది.

వాల్టర్ గారు ఇదంతా చెబుతూ బ్లాకు ఎడమ పక్కన అరచెయ్యంత పొడుగున్న పగులు మీద బొటనవేలు అటూ ఇటూ నడిపించారు. తర్వాత నా చెయ్యి పట్టుకుని నా వేలు కూడా దాని మీద పెట్టారు.

"అడుగున ఒక్క బిరడా తిప్పి నీళ్లు వదిలేస్తే సరిపోయేది," అన్నారు. "ఆ చలికాలం నేను ఈ షెడ్డు వైపు చూడలేదు."

కారు ఇవ్వడానికి ఆయన పెట్టిన షరతు ఒక్కటే. ఏ ఇంజను కావాలంటే ఆ ఇంజను పెట్టుకో, పాత బ్లాకు మాత్రం పారెయ్యకు. కారు నడిచిన రోజు నాకు ఫోను చెయ్యి. వచ్చి కారు చూసుకుని, బ్లాకు ఇంటికి తెచ్చుకుంటాను. ఈ వయసులో అంత దూరం ఒక్కసారి డ్రైవ్ చేస్తే చాలు నాకు అన్నారు. అలాగేనండి అని ఆయన చేతిలో చెయ్యి వేశాను.

ఈ షరతు సంగతి ఇంట్లో చెప్పలేదు. కారు మాటెత్తితే జ్యోతి ఏదో ఒకటి అనేది, నేను పది అనేవాణ్ని. అసలు ఎత్తకపోతే గొడవే ఉండదు కదా అనుకున్నాను. పెళ్లయిన పాతికేళ్లలో నేను కనిపెట్టిన ఉపాయాలన్నీ ఇలాంటివే.

షోరూములో కొత్త ఇంజను కొనే తాహతు నాకు లేదు. రాలీ దాటాక ఉన్న ఒక జంక్‌యార్డులో ముందు భాగం నుజ్జయిన 2005 పికప్ ట్రక్కు దొరికింది. అందులోని ఎనిమిది సిలిండర్ల ఇంజను నిక్షేపంగా ఉంది. చవకలో పాత కారుకి కొత్త ప్రాణం పొయ్యాలనుకునే వాళ్లందరూ ఈ దేశంలో చేసేది ఇదే. మనసు ఖరీదైన బండి మీద, చెయ్యి ట్రక్కు ఇంజను మీద. పెట్టడం మాత్రం అంత తేలిక కాదు. ఇంజనుని మోసే మౌంట్లు ఈ కారులో ఒక చోట ఉంటే ఆ ఇంజనుకి ఇంకో చోట ఉంటాయి, మధ్యలో ఇనప పలకలు బిగించాలి. ఆయిల్ ఉండే తొట్టి కింద అడ్డకమ్మీకి తగిలింది, వేరేది వెతికి వేశాను. కొత్త ఇంజనుకి పెట్రోలు గట్టిగా తోసే పంపు కావాలి, దాన్ని ట్యాంకులో దింపాను. ట్రక్కు వైర్లన్నీ తెచ్చి మా డైనింగ్ టేబుల్ మీద పరిచి, ఏసీకీ ఎయిర్‌బ్యాగులకీ వెళ్లేవన్నీ ఒక్కొక్కటీ ఏరి తీసేశాను. ఆ పదకొండు రోజులూ మేము సోఫాలో కూర్చునే అన్నం తిన్నాం. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

పద్నాలుగు నెలలు పట్టింది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక వచ్చి తాళం తిప్పితే, మూడోసారికి అందుకుంది. ఇల్లంతా అదిరింది. నేను గ్యారేజీ నేల మీద కూర్చుని ఏడ్చాను. వెంటనే రెండు ఫోన్లు చేశాను. ఒకటి వాల్టర్ గారికి, శనివారం రమ్మని. ఇంకోటి మా పాస్టర్ దైవాశీర్వాదం గారికి. మాలో కొత్త బండి కొంటే పాస్టర్ గారు వచ్చి ప్రార్థన చేసి ప్రతిష్ఠించేదాకా దూరం తీసుకెళ్లం. ఇంటి ప్రార్థన కూడిక కూడా అదే రోజు మా గ్యారేజీలోనే పెట్టుకుందాం, ప్రభువు ఈ కారు విషయంలో ఎలా సహాయం చేశాడో మీరు సాక్ష్యం చెప్పండి అన్నారాయన.

అలా ముప్ఫై మంది మా గ్యారేజీలో కూర్చోవాల్సి వచ్చింది.

సోమవారం ఆఫీసులో డేటాబేసు పడిపోయింది. పొద్దున్నుంచి కాల్స్ మీద కాల్స్. మధ్యలో జ్యోతి ఫోను. తియ్యలేదు. మళ్లీ చేసింది, కట్ చేశాను. మూడోసారి తీశాను. గ్యారేజీ మూల పాత ఇనప దిమ్మె ఉంది, అది అక్కడుంటే రెండు వరసల కుర్చీలు పట్టవు, సంఘం తమ్ముళ్లు సాయానికి వచ్చి ఉన్నారు, ఏం చెయ్యమంటారు అని అడిగింది.

"నీ ఇష్టం. ఏం చేసుకుంటావో చేసుకో, నన్ను విసిగించకు," అని పెట్టేశాను.

సాయంత్రం వచ్చేసరికి గ్యారేజీ అద్దంలా ఉంది. మూల ఖాళీగా ఉంది. పాత ఇనుము ఏరుకునే ఆయన పికప్‌లో వచ్చి పట్టుకెళ్లాడని, తమ్ముళ్లే చక్రాల బల్ల మీద తోసి ఎక్కించారని జ్యోతి సంతోషంగా చెప్పింది. నా మొహం మారడం చూసి, తిడతానేమోనని ఆగింది. తిట్టడానికి నాకు నోరేదీ? ఆ మాట అన్నది నేను. చెప్పాల్సిన మాట పద్నాలుగు నెలలు దాచిందీ నేనే.

మంగళవారం సెలవు పెట్టి ఆ మనిషి ఇనుము అమ్మిన యార్డుకి వెళ్లాను. సోమవారం మధ్యాహ్నమే లోడు ఎత్తేశామన్నారు. కొలిమికి వెళ్లే సరుకట. ఎక్కడికి పోయిందో అడ్రసు, ఫోను నంబరు రాసిచ్చారు గానీ, అక్కడ ఫోనెత్తిన అమ్మాయి నామీద జాలిపడింది తప్ప చెయ్యగలిగింది ఏమీ లేదు.

అప్పుడైనా వాల్టర్ గారికి ఫోను చెయ్యాల్సింది. నంబరు తీసి రెండుసార్లు చూసుకున్నాను. ఎనభై ఏళ్ల మనిషి తట్టుకోలేడు, ఆయన కోసమే దాస్తున్నాను అని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. సంఘంలో పెద్దగా కూర్చునేవాణ్ని, మాట తప్పానని చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు.

బుధవారం ఫయెట్‌విల్ దగ్గర ఒక రైతు దగ్గర అదే సంవత్సరం, అదే కొలత బ్లాకు దొరికింది. మంచి బ్లాకు, దాంతో ఇంకో ఇంజను కట్టుకోవచ్చు. కారుకి కావాలని జ్యోతికి చెప్పి, కుర్చీలకి అడ్డు రాకుండా గ్యారేజీ తలుపు పక్కన దింపాను. దాని మీది నారింజ రంగు అక్కడక్కడా గీకేశాను. వేడినీళ్లలో రాళ్లుప్పు కలిపి గుడ్డతో పట్టించాను. బోట్లు చూసిన వాడికి ఉప్పు ఇనుముని ఎంత త్వరగా తింటుందో ఒకరు చెప్పక్కర్లేదు. మర్నాటికి ఇరవై ఏళ్ల తుప్పు వచ్చింది.

పగులు ఒక్కటే మిగిలింది. గురువారం మధ్యాహ్నం ఉలి పెట్టి, పెద్ద సుత్తి ఎత్తాను. పనికొచ్చే ఇంజను మీద సుత్తి వెయ్యడం మా నాన్నకి పాపంతో సమానం. పనివాళ్లు ఎవరైనా విసుగులో కొడితే ఆ రోజు కూలి ఇచ్చి పంపేసేవాడు. నేను నాలుగు దెబ్బలు వేశాను. నాలుగో దెబ్బకి సరిగ్గా ఎడమ పక్కన, అరచెయ్యంత పొడుగున పగిలింది. దాని మీద కొత్త దుప్పటి కప్పాను.

శనివారం నాలుగింటికి అందరూ వచ్చారు. వాల్టర్ గారు ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కాతో, టోపీ చేత్తో పట్టుకుని, వెనక వరసలో కూర్చున్నారు. తెలుగు పాటలు ఒక్క ముక్క అర్థం కాకపోయినా తల వంచుకునే ఉన్నారు. పాస్టర్ గారు బానెట్ మీద చెయ్యి వేసి ప్రార్థించారు. నేను తాళం తిప్పాను. ఇంజను ఒక్క దెబ్బకే అందుకుంది. వాల్టర్ గారు కళ్లు మూసుకుని విని, డానీది దీనికన్నా చాలా గోల చేసేదని నవ్వారు. ఆయన నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే. కూడిక అయ్యాక అందులో కూర్చుని అలా ఒక రౌండు వెళ్దామా అని ఆయనే అడిగారు.

సాక్ష్యాలకి ముందు అందరికీ టీలు ఇస్తున్నారు. ఆ సందులో ఆయన బ్లాకు దగ్గరికి వెళ్లారు. నేను దుప్పటి తీశాను. ఆయన ఒంగి, కళ్లతో కాకుండా బొటనవేలితో వెతుక్కున్నారు. వేలు పగులు మీదికి వెళ్లింది. అటు నడిచింది. ఇటు నడవలేదు, అక్కడే ఆగిపోయింది.

"రాజ్," అన్నారు మెల్లగా. "ఐసు లోపలినుంచి తోస్తుంది. పగులు అంచు బయటికి లేస్తుంది. దీన్ని ఎవరో బయటినుంచి కొట్టారు."

మా నాన్న అయితే చూడగానే ఆ మాట చెప్పేవాడు. నాకు తోచనే లేదు.

"నేనే కొట్టానండి," అన్నాను. జరిగింది మొత్తం చెప్పాను. ఫోను, పికప్, యార్డు, ఉప్పు, అన్నీ. చివరికి, కొట్టకముందు అది మంచి బ్లాకేనా అని అడిగారు. మంచిదేనండి అన్నాను.

"పోయిందని ఫోను చేసి చెప్పుంటే, నేను వచ్చి ఆ కారులో కాసేపు కూర్చుని వెళ్లేవాణ్ని," అన్నారు. "ఇప్పుడు కూర్చోలేను."

కారు తాళాలు ఆయన చేతిలో పెట్టబోయాను. నా వేళ్లు మడిచి వెనక్కి నెట్టారు. టోపీ పెట్టుకుని, జ్యోతి అందించిన టీ కప్పుకి థాంక్స్ చెప్పి, తాగకుండానే బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. ఆయన ఖాళీ పికప్ మా వీధి మలుపు తిరిగేదాకా నేను చూస్తూ నిలబడ్డాను.

లోపలినుంచి పాస్టర్ గారు నన్ను పిలిచారు, "బ్రదర్ షాలేం రాజు గారు తమ సాక్ష్యం చెబుతారు" అని. జంక్‌యార్డులో ఆ ట్రక్కు దొరకడం ప్రభువు కృప అని నేను రెండు పేజీలు రాసి పెట్టుకున్నాను. ఆ కాగితం జేబులోంచి తియ్యలేదు. వాల్టర్ గారికి చెప్పిందే మళ్లీ చెప్పాను, ఈసారి తెలుగులో. ఆమెన్ అనే చోటు ఎవరికీ దొరకలేదు. జ్యోతి వెనకాల పేపరు ప్లేట్లు పట్టుకుని నిలబడి ఉంది. డానీ అనే పేరు ఆమె వినడం అదే మొదటిసారి.

అందరూ వెళ్లాక కుర్చీలు మడుస్తున్నాం. ఆమె బ్లాకు దగ్గర ఆగింది.

"మూడుసార్లు ఫోను చేశానండీ," అంది. "చనిపోయిన పిల్లాడిదని ఒక్క మాట చెప్పుంటే, హాల్లో పెట్టుకునేదాన్ని కదా."

ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు బదులు చెప్పడం వచ్చేది.

లోపలికి వెళ్లి బకెట్‌లో మంచినీళ్లు, పాత తువ్వాలు తెచ్చింది. ఉప్పు ఉంటే ఇంకా తినేస్తుంది, కడగండి అంది. ఆమెది మా ఊరి పక్కన మొగల్తూరు, ఆమెకీ తెలుసు. ఇద్దరం కింద కూర్చుని దాన్ని కడిగి, తుడిచి, ఆయిల్ పట్టించాం. వాల్టర్ గారికి ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. రాలేదని ఆయన్ని అనుకోవడానికి ఏమీ లేదు.

బ్లాకు ఇప్పుడు మా హాల్లో కిటికీ కింద ఉంది. వచ్చినవాళ్లు ఇదేంటని అడుగుతారు, నేను చెబుతాను. కోపం వచ్చినప్పుడు వెళ్లి దాని పక్కన కూర్చుంటాను. పగులు మీద వేలు పెడితే, అంచు లోపలికే దిగి ఉంటుంది.