ఏ సీసా ఏ దేశానిది

వియత్నాం నుంచి కొరియాకు కోడలిగా వచ్చిన థామ్, మోచేతుల దాకా కారం ముద్ద పూసుకుని నూటపదో క్యాబేజీ రేకుల మధ్య కూరుతోంది. అత్తగారు ఏడాది మాగిన చేపల ఊటను కిమ్చీ ఊరగాయ గిన్నెలోకి వంపుతూ, కోడల్ని మనవరాలి పేరుతో పిలిచి, "హేరిన్ అమ్మా, ఆ మీ వియత్నాం చేపనీళ్లు మాత్రం ఇంట్లోకి తేకు. పెళ్లైన కొత్తలో తెచ్చావు, వారం రోజులు ఇల్లంతా కంపే" అంది. ఆమె చేతిలో ఉన్నదీ పులిసిన చేపే. పన్నెండేళ్లుగా ఆ మాట థామ్ నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోతోంది. అమ్మ పంపిన సీసా వాషింగ్ మెషిన్ వెనక దాక్కునుంది, దొంగసొత్తులాగ.

ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్లు ఆమెను బడి బడికీ తిప్పి ప్రపంచ పౌరసత్వం పాఠం చెప్పిస్తారు. వియత్నాం వేషంగా వాళ్లిచ్చిన పొడుగు గౌను, ఆకు టోపీ, వాళ్లే రాసిన కాగితం. చివరి వాక్యం: 'కొరియాలో నన్నందరూ సొంత మనిషిలా చూస్తారు.' రేపటి బడి కూతురిది. పాపకు నామోషీ, ఒళ్లు బాగోలేదని చెప్పమన్నాడు మొగుడు. ఒక్కసారైనా కూతురు తనను టీచరుగా చూడాలని థామ్ ఆశ.

మర్నాడు తరగతిలో ఆమె కాగితం తీయలేదు. సంచిలోంచి రెండు సీసాలు తీసింది. ఒకటి ఇక్కడిది, ఒకటి వియత్నాంది, ఏది ఎక్కడిదో వాసన చూసి చెప్పమంది. పిల్లలు ముక్కులు మూసుకుని, ఘాటైన సీసా వైపు చేతులెత్తి, "వియత్నాందే టీచర్" అన్నారు. అది అత్తగారిది. పుట్టినప్పటినుంచీ ఆ వాసనలోనే పెరిగిన హేరిన్ తల్లి వైపు చూసింది, స్నేహితుల వైపు చూసింది, వాళ్లతోపాటు చెయ్యెత్తింది.

థామ్ రెండు సీసాలకూ మూతలు పెట్టింది.

"రెండూ హేరిన్ వాళ్ల ఇంట్లోవే" అంది.

బయటికొచ్చాక సంస్థ మేడమ్ నవ్వుతూనే మందలించింది. "చివరి వాక్యం మర్చిపోయారు, థామ్ గారూ."

"మర్చిపోలేదండీ. మానేశాను."

హేరిన్ పదడుగుల వెనక నడిచింది. థామ్ తిరిగి చూడలేదు, నడక మాత్రం తగ్గించింది. ఇంటికెళ్లి తన సీసాను అత్తగారి సీసా పక్కన, మూత వదులు చేసి పెట్టింది.